మెరుపు మందమెంత?

గోల్డ్ వింగ్ బైకు ఉన్న ఇంటికి ఒక చిన్న అట్టపెట్టె వస్తుంది. లోపల రెండు క్రోమ్ పట్టీలు, నాలుగు మరలు, ఒక పేజీ సూచనలు. శనివారం పొద్దున్నే గరాజ్ తలుపు ఎత్తి, బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, పక్కపెట్టెల అంచున ఆ పట్టీలు బిగించుకుంటే గంటలో పని అయిపోతుంది. దానివల్ల బండి వేగం పెరగదు, మైలేజీ పెరగదు. అయినా ఈ గంట పని కోసం అమెరికాలో దశాబ్దాల పాటు లావుపాటి కేటలాగులు అచ్చయ్యాయి, దుకాణాలు నడిచాయి, స్నేహాలు కలిశాయి. అసలు ఫ్యాక్టరీ పూర్తిచేసి పంపిన బండిని మనిషి ఇంటి దగ్గర మళ్ళీ ఎందుకు పూర్తిచేసుకుంటాడు?

పని చూడటానికి తేలికే. పట్టీ కూర్చునే చోటు సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. పాత పాలిష్ తాలూకు మైనం మిగిలితే జిగురు పట్టదు. టేపు మీది కాగితం తీయకముందే పట్టీని ఉత్తినే ఆనించి చూసుకుని, మాస్కింగ్ టేపుతో గుర్తులు పెట్టుకోవాలి. అంటుకున్నాక జరపటం అంటూ ఉండదు. ఆ రకం ఫోమ్ టేపుకి పూర్తి బలం రావటానికి మూడు రోజులు పడుతుంది కాబట్టి ఆదివారం బండి కడగాలన్న ఉబలాటం ఆపుకోవాలి. మర ఉన్నచోట గట్టిగా బిగించాలన్న ఉత్సాహం కూడా. ఎందుకంటే అక్కడ మెరుస్తున్నది చాలాసార్లు ఇనుము కాదు, ఏబీఎస్ ప్లాస్టిక్. పగులుతుంది.

ఆ ప్లాస్టిక్ మీద రాగి, రాగి మీద నికెల్, నికెల్ మీద క్రోమ్. పైనున్న క్రోమ్ పొర మందం మామూలుగా ఒక మైక్రాన్ కూడా ఉండదు, అంటే తలవెంట్రుకలో యాభయ్యో వంతు లోపే. మన వన్ గ్రామ్ గోల్డ్ నగల సంగతే ఇక్కడా. ఇంకా తమాషా ఏమిటంటే, అద్దంలా వెలిగేది ముఖ్యంగా కింద ఉన్న నికెల్. క్రోమ్ పని దాన్ని మాసిపోకుండా, గీతలు పడకుండా కాయటం, ఆ కాస్త నీలి ఛాయ ఇవ్వటం. కొరియా యుద్ధం రోజుల్లో ఈ గుట్టు బయటపడింది. నికెల్ యుద్ధ అవసరాలకి పోయింది, కార్ల కంపెనీలు రాగి మీద నేరుగా క్రోమ్ పూశాయి. కొత్తలో బాగానే ఉన్న బంపర్లు కొద్దికాలానికే పాడయ్యాయి.

క్రోమియంని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త వోక్లాఁ 1797లో సైబీరియా నుంచి వచ్చిన ఎర్రటి ఖనిజంలో కనిపెట్టాడు. దాని లవణాలు రకరకాల రంగులు చూపిస్తాయి కాబట్టి గ్రీకులో రంగు అనే మాటే పేరయింది. పూతగా మార్కెట్లోకి రావటానికి మాత్రం ఇంకో వందేళ్ళు దాటింది. కొలంబియా యూనివర్సిటీలో కోలిన్ ఫింక్ 1920ల మధ్యలో దాన్ని నమ్మకంగా పనిచేసే పద్ధతిగా మార్చాడు. అంతకుముందు బళ్ళ మీద ఉన్నది నికెల్ మెరుపు. వారం వారం తోమకపోతే పసుపుపచ్చగా మసకబారేది. క్రోమ్ వచ్చి ఆ తోముడు తగ్గించింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికన్ బైకర్లు రెండు దారులు పట్టారు. ఒకళ్ళు మడ్‌గార్డులు కోసేసి, అక్కర్లేనివన్నీ ఊడదీసి బండిని తేలిక చేశారు. రెండోవాళ్ళు పక్కసంచులు, అద్దాలు, అదనపు దీపాలు, క్రోమ్ గార్డులు చేర్చుకుంటూ పోయారు. వీళ్ళ బళ్ళని డ్రెసర్లు అన్నారు, ముస్తాబైన బళ్ళు అనే అర్థంలో. క్లబ్బుల్లో చక్కగా ముస్తాబైన బండికి బహుమతులు కూడా ఉండేవి. మొదటివాళ్ళు రెండోవాళ్ళని చూసి చెత్తబండి అని వెక్కిరించేవాళ్ళు.

1969లో ఈ రెండు దారులూ ఒకేసారి బాగా పైకి కనిపించాయి. ఆ ఏడాదే హార్లే తన ఎలక్ట్రా గ్లైడ్‌కి గబ్బిలం రెక్కలాంటి ముందు తొడుగు ఇచ్చింది. ఆ ఏడాదే ‘ఈజీ రైడర్’ సినిమా వచ్చింది. అందులో జెండా రంగుల ట్యాంకుతో, పొడుగాటి క్రోమ్ ఫోర్కుతో ఉన్న బండి పోస్టర్‌గా లోకమంతా తిరిగింది. ఆ బళ్ళ తయారీ వెనక ఉన్నది క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే ఇద్దరు నల్లజాతి అమెరికన్లు. వాస్ పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసినవాడు. సినిమాలో వాళ్ళ పేర్లు వేయలేదు. అందరికీ మెరుపు గుర్తుండిపోయింది. దాన్ని చేసిన చేతుల గురించి లోకం మాట్లాడటానికి దశాబ్దాలు పట్టింది.

గోల్డ్ వింగ్ కథ ఇంకోలా నడిచింది. హోండా దాన్ని 1974లో జర్మనీలోని కొలోన్ ప్రదర్శనలో చూపించింది. 999 సీసీ, నీళ్ళతో చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజను, గొలుసు బదులు షాఫ్టు. కానీ ముందు తొడుగు లేదు, పెట్టెల్లేవు. కొన్నవాళ్ళే ఆ లోటు పూరించుకున్నారు. క్రెయిగ్ వెటర్ అనే డిజైనర్ ఇలినాయ్‌లో తయారుచేసిన విండ్‌జామర్ తొడుగు తెచ్చి బిగించుకున్నారు. పెట్టెలు కట్టారు, సీటు మార్చారు, రేడియో పెట్టారు. 1977లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో గోల్డ్ వింగ్ రైడర్ల సంఘం పుట్టింది. కంపెనీ ఇదంతా చూసింది. 1980లో తొడుగూ పెట్టెలూ ఫ్యాక్టరీలోనే బిగించిన ఇంటర్‌స్టేట్ మోడల్ తెచ్చింది. ఆ ఏడాదే ఒహాయో రాష్ట్రంలోని మేరీస్‌విల్‌లో గోల్డ్ వింగ్ తయారీ మొదలైంది. అంటే టూరింగ్ బైకు ఎలా ఉండాలన్నది ఇంజనీర్లు ఒక్కళ్ళే తేల్చిన విషయం కాదు. గరాజుల్లో నట్లు బిగించినవాళ్ళ వాటా కూడా అందులో ఉంది.

మరి అవసరమైనవన్నీ కంపెనీయే ఇచ్చేశాక యజమానికి ఏం మిగిలింది? క్రోమ్ మిగిలింది. పట్టీలు, అంచులు, మర తలల మీద టోపీలు. నా ఉద్దేశంలో క్రోమ్ పిచ్చికి అసలు కారణం ఇదే. మెరుపు మీద మోజు ఒక్కటే అయితే ఎవరికైనా డబ్బిచ్చి చేయించుకోవచ్చు. ఒకేలాంటి వేల బళ్ళలో ఇది నాది అని చెప్పుకోవటానికి ఆ గంటసేపు చెయ్యి పెట్టాలి. మన లారీ డ్రైవర్లు కొత్త బండికి రంగుల పూలూ, కుచ్చులూ, అమ్మానాన్నల పేర్లూ పెట్టించుకునేది కూడా ఇందుకే కదా.

అయితే ఈ మెరుపుకి ఇంకో చరిత్ర ఉంది. అది ఏ కేటలాగులోనూ కనిపించదు. పూత వేసే తొట్టిలో చాలాకాలం వాడింది హెక్సావాలెంట్ క్రోమియం. కరెంటు పారేటప్పుడు బుడగలు లేచి సన్నటి ఆమ్లపు తుంపర గాల్లో కలుస్తుంది. క్రోమ్ పనివాళ్ళకి చేతుల మీద మానని పుళ్ళు, ముక్కు మధ్య గోడకి చిల్లులు పడటం 19వ శతాబ్దం నుంచే వైద్యులకి తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాలూకు క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లో దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. ఇది మనకి దూరపు గొడవేం కాదు. కొండపల్లి బొమ్మలు మనకు తెలుసు గానీ, ఆ కొండల్లో క్రోమైట్ కూడా తవ్వారని ఎంతమందికి తెలుసు? దేశంలోని క్రోమైట్ నిల్వల్లో 90 శాతానికి పైగా పక్కనే ఒడిశాలో, ముఖ్యంగా సుకింద లోయలో ఉన్నాయి. తవ్వినదాంట్లో ఎక్కువ భాగం పోయేది స్టెయిన్‌లెస్ స్టీలుకే, పూతకి కొంతే. కానీ అక్కడి నీళ్ళలో కలిసిన విషం ఇదే.

2023లో కాలిఫోర్నియా వాయు నియంత్రణ బోర్డు ఒక నిర్ణయం తీసుకుంది. అలంకారం కోసం వేసే క్రోమ్ పూతలో 2027 నుంచి హెక్సావాలెంట్ వాడకూడదు. దాని బదులు ట్రైవాలెంట్ అనే, చాలా తక్కువ హాని చేసే రకం ఉంది. దాంతో వచ్చే పూత తరచు కాస్త ముదురుగా ఉంటుంది, ఆ నీలి ఛాయ అంతగా రాదు. ఈలోగా లోకం అభిరుచి కూడా మారుతోంది. 2018లో వచ్చిన గోల్డ్ వింగ్ బరువు తగ్గించుకుంది, పెట్టెలు చిన్నవి చేసుకుంది. ఫీనిక్స్‌లో పుట్టిన ఆ రైడర్ల సంఘం 2022లో మూతపడింది.

ఇకమీదట పాత బండికి కొత్త పట్టీ అంటించేవాళ్ళకి ఒక చిక్కు రావచ్చు. అంతా సూచనల ప్రకారం చేసి, మూడు రోజులు ఆగి, ఎండలోకి తీసి చూస్తే పక్కపక్కనే రెండు మెరుపులు సరిపోలకపోవచ్చు. కొత్తది రవ్వంత నల్లగా కనబడుతుంది. అది లోపం అనుకుని వెనక్కి పంపేసేవాళ్ళు ఉంటారు. నేనైతే ఉంచేసుకుంటాను. ఎక్కడో ఒక తొట్టి పక్కన నిలబడ్డ మనిషి ముక్కు బాగుందని చెప్పే రంగు అది.