ఫిజీ విదేశాంగ వ్యవహారాలపై పార్లమెంటు పరిశీలన

ఫిజీ ప్రభుత్వం కుదుర్చుకునే అంతర్జాతీయ ఒప్పందాలను, విదేశాంగ శాఖ పద్దులను, రాయబార కార్యాలయాల పనితీరును ఆ దేశ పార్లమెంటు పరిశీలించే విధానం ఇది. 2013 రాజ్యాంగంలోని 51వ సెక్షన్, 2014లో అమల్లోకి వచ్చిన సభా నియమావళి దీనికి ఆధారాలు. 330కి పైగా దీవులున్నా ఫిజీ భూభాగం మొత్తం దాదాపు 18,300 చదరపు కిలోమీటర్లే, అంటే ఉమ్మడి చిత్తూరు జిల్లా కంటే కాస్త పెద్దది. జనాభా సుమారు 9 లక్షలు. ఇంత చిన్న దేశపు విదేశాంగ పరిశీలనకు తెలుగు విజ్ఞాన సర్వస్వంలో చోటివ్వడానికి రెండు కారణాలున్నాయి. ఆ పార్లమెంటులో ప్రతిపక్ష నాయకుడిగా ఎక్కువకాలం నిలిచినవారిలో ఒకరు జైరామ్ రెడ్డి. ఒప్పందాల ఆమోదం విషయంలో భారత పార్లమెంటుకు లేని అధికారం ఆ చిన్న పార్లమెంటుకు రాతపూర్వకంగా ఉంది.

తెలుగువారి రాక

1879 మే 14న లియోనిడాస్ ఓడ కలకత్తా నుంచి వచ్చి ఫిజీలో లంగరు వేయడంతో గిర్మిట్ (ఒప్పంద) కూలీల వలస మొదలైంది. 1916 నవంబరులో సట్లెజ్ ఓడతో అది ఆగింది. మొత్తం ఎందరు వెళ్లారన్నదానికి పుస్తకాల్లో రెండు అంకెలు కనిపిస్తాయి: 60,965, 60,553. వీటిలో ఏదో ఒకటి తప్పనుకోనక్కరలేదు. మొదటిది ఓడ ఎక్కినవారి లెక్క, రెండోది దారిలో మరణాలు పోగా, జననాలు కలవగా ఒడ్డు చేరినవారి లెక్క. ఫిజీ జనాభా గురించి మాట్లాడేటప్పుడు రెండోదే వాడటం సబబు.

మద్రాసు రేవు నుంచి ఫిజీకి కూలీలను పంపడం 1903లో ప్రారంభమైంది. అలా వెళ్లిన దక్షిణాదివారు మొత్తంలో నాలుగో వంతు, సుమారు 15 వేల మంది. జిల్లాలవారీగా చూస్తే ఉత్తర ఆర్కాటు, మద్రాసు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం, తంజావూరు, మలబారు, కోయంబత్తూరు పేర్లు ప్రముఖంగా వస్తాయి. ఇక్కడ మనవైపు పాఠకులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాటు కిందే ఉండేది. కాబట్టి 1903, 1911 మధ్య ఓడ ఎక్కిన చిత్తూరు, చంద్రగిరి వైపు మనిషి కూడా కాగితాల్లో ఉత్తర ఆర్కాటువాడే. ఆ జిల్లా పేరు కనబడగానే తమిళుడని రాసేయడం చాలా చోట్ల జరిగింది. అది నిలిచే వాదన కాదు. తడ, సూళ్లూరుపేట పరిసరాలు అప్పట్లో నెల్లూరు జిల్లావి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడేదాకా ఆ జిల్లాలోనే ఉన్నాయి. మద్రాసుకు ఉత్తరాన పెద్ద దారి మీదున్న ఈ ఊళ్ల నుంచి కొందరు వెళ్లి ఉండవచ్చు.

దక్షిణాదివారి కోసం 1926లో సాధు కుప్పుస్వామి నాందీలో స్థాపించిన తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం నేటికీ బడులు నడుపుతోంది. తెలుగువారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పేరుతో విడిగా సంఘం పెట్టుకున్నారు.

జైరామ్ రెడ్డి కాలం

1970 అక్టోబరు 10న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఫిజీకి బ్రిటన్ నమూనాలో రెండు సభలు ఏర్పడ్డాయి. దిగువ సభలో 52 మంది సభ్యులు. విదేశాంగంపై పరిశీలన అంటే ఆ రోజుల్లో ప్రశ్నోత్తరాలు, బడ్జెట్ చర్చ, ప్రతిపక్ష నాయకుడి ప్రసంగం, అంతే. తొలి ప్రధాని రాటు సర్ కమిసేసే మారా మాటే విదేశాంగ విధానం. ఈ దశ గురించి రాసేందుకు పెద్దగా ఏమీ లేదు.

నేషనల్ ఫెడరేషన్ పార్టీ నాయకుడు జైరామ్ రెడ్డి (1937-2022) వృత్తిరీత్యా న్యాయవాది. దక్షిణాది కుటుంబంలో పుట్టాడు, తెలుగువాడిగానే సాధారణంగా చెప్పుకుంటారు. 1977లో ప్రతిపక్ష నాయకుడయ్యాడు. 1983 డిసెంబరులో స్పీకర్ టొమాసి వకతోరాతో అతనికి జరిగిన గొడవ ఫిజీ పార్లమెంటు చరిత్రలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. స్పీకర్ మాట్లాడుతుండగా సభ్యుడు లేచి నిలబడిన తీరు మీద మొదలైన వాగ్వాదం అది అంటారు. ఆ స్పీకర్ ఆ కుర్చీలో ఉన్నంతకాలం సభలో అడుగు పెట్టనని చెప్పి రెడ్డి బయటికి నడిచాడు. మాట మీదే నిలబడి 1984లో పదవి వదులుకున్నాడు. చూడటానికి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ ప్రభుత్వాన్ని నిలదీసే పని దాదాపు ఒక్క మనిషి మీద ఆధారపడ్డ సభలో ఆ మనిషి లేచిపోతే ఏమవుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

1987 ఏప్రిల్‌లో టిమోసీ బవాద్రా ప్రభుత్వం వచ్చింది. విదేశాంగ మంత్రి కృష్ణ దత్, అటార్నీ జనరల్ జైరామ్ రెడ్డి. నెల గడిచిందో లేదో, మే 14న లెఫ్టినెంట్ కర్నల్ సిటివేని రబుకా సైనికులతో పార్లమెంటు భవనంలోకి వచ్చి ఆ ప్రభుత్వాన్ని కూల్చాడు. సెప్టెంబరు 25న రెండో తిరుగుబాటు, అక్టోబరులో గణతంత్ర ప్రకటన జరిగాయి. ఫిజీని కామన్వెల్త్ నుంచి బహిష్కరించారని కొందరు రాస్తారు, సభ్యత్వం రద్దయిందని మరికొందరు అంటారు. గణతంత్రంగా మారిన దేశం సభ్యత్వం కొనసాగడానికి అప్పట్లో మిగతా సభ్యుల సమ్మతి కావలసి ఉండేది. ఫిజీకి ఆ సమ్మతి దొరకలేదు. అందువల్ల రెండో మాటే వాస్తవానికి దగ్గర. ఈ పరిణామాన్ని గట్టిగా వ్యతిరేకించిన దేశాల్లో భారత్ ముందుంది. 1989లో భారత హైకమిషనర్ టి.పి. శ్రీనివాసన్‌ను ఫిజీ వెళ్లిపొమ్మంది. 1990లో రాజధాని సువాలోని భారత కార్యాలయం మూతపడింది. 1999 వరకు మళ్లీ తెరుచుకోలేదు.

1992లో సభ తిరిగి ఏర్పడినప్పుడు రబుకా ప్రధాని, రెడ్డి ప్రతిపక్ష నాయకుడు. తనను పదవి నుంచి దించిన మనిషి ఎదుటే కూర్చుని ఆయన ఏడేళ్లు పని చేశాడు. ఇద్దరూ కలిసి తెచ్చిన 1997 రాజ్యాంగాన్ని సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. అంతకు ముందు, జూన్ 6న, మూలవాసి పెద్దల మహాసభలో రెడ్డి ప్రసంగించాడు. ఆ వేదిక ఎక్కిన తొలి భారత సంతతి నాయకుడు ఆయనే. ఆ అక్టోబరు 1న ఫిజీ మళ్లీ కామన్వెల్త్‌లో చేరింది. ఇంటి రాజ్యాంగం సరిదిద్దుకోవడమే ఆ దశాబ్దంలో ఫిజీ చేసిన అతి పెద్ద దౌత్యం. అది విదేశాంగ శాఖ గదుల్లో జరగలేదు, పార్లమెంటులో జరిగింది. ఈ సంగతి విదేశాంగ చరిత్రలు రాసేవారు తగినంతగా పట్టించుకోలేదు.

1999 ఎన్నికల్లో రెడ్డి పార్టీకి ఒక్క సీటూ రాలేదు. ఆయన రాజకీయాల నుంచి తప్పుకుని తర్వాత న్యాయమూర్తి అయ్యాడు. రువాండా మారణకాండపై ఐక్యరాజ్యసమితి నియమించిన ట్రిబ్యునల్‌లో పని చేశాడు. ప్రభుత్వ పాలనను పరిశీలించే రంగాలవారీ కమిటీలకు 1997 రాజ్యాంగం చోటు కల్పించింది గాని, 2000, 2006 తిరుగుబాట్ల మధ్య అవి వేళ్లూనుకోలేదు.

పార్లమెంటు లేని ఎనిమిదేళ్లు

2006 డిసెంబరు 5న కమోడోర్ ఫ్రాంక్ బైనీమరామా అధికారం చేపట్టినప్పటి నుంచి 2014 అక్టోబరు దాకా ఫిజీకి పార్లమెంటు లేదు. 2009 ఏప్రిల్‌లో రాజ్యాంగమే రద్దయింది. ఆ మే నెలలో పసిఫిక్ ఐలండ్స్ ఫోరం, సెప్టెంబరులో కామన్వెల్త్ ఫిజీని సస్పెండ్ చేశాయి. నవంబరులో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దౌత్యాధిపతులను ఫిజీ పంపించివేసింది.

విచిత్రమేమిటంటే, ఫిజీ దౌత్యం విస్తరించింది కూడా ఈ కాలంలోనే. దక్షిణాన తలుపులు మూసుకుపోవడంతో ఉత్తరం వైపు చూడాలన్న విధానం పేరిట జకార్తా, ప్రిటోరియా, బ్రసీలియా, సియోల్, అబూధాబీల్లో కార్యాలయాలు తెరిచారు. 2011లో ఫిజీ అలీనోద్యమంలో చేరింది. అదే ఏడు చైనాతో పోలీసు సహకార ఒప్పందం కుదిరింది. ఏ కార్యాలయం ఎందుకు, ఎంత ఖర్చుతో అని అడిగే సభ లేదు. తర్వాత వాటిలో కొన్ని మూతపడ్డాయి. డబ్బు, అవసరం రెండూ చూసి ముందే చర్చించి ఉంటే ప్రిటోరియా, బ్రసీలియా కార్యాలయాలు తెరిచేవారేనా అన్నది న్యాయమైన ప్రశ్నే.

ఈ లోటు అన్నింటికంటే ఎక్కువగా బయటపడింది 2014 ఆగస్టులో. గోలన్ కొండల్లో ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో ఉన్న 45 మంది ఫిజీ సైనికులను నుస్రా ఫ్రంట్ ముష్కరులు పట్టుకుపోయారు. సెప్టెంబరు 11న వారు క్షేమంగా విడుదలయ్యారు. ఆరు రోజుల తర్వాత ఎన్నికలు జరిగాయి. కొత్త సభ తొలిసారి కొలువుదీరింది అక్టోబరు 6న. శాంతిదళాలకు మనుషులను పంపడం 1978 నుంచీ ఫిజీకి ఆదాయం, గౌరవం రెండూ తెచ్చిన పని. అందులో వచ్చిన ఇంత పెద్ద ఆపద మొదలు నుంచి చివరి దాకా సభ లేకుండానే గడిచిపోయింది.

51వ సెక్షన్, విదేశాంగ-రక్షణ కమిటీ

2013 రాజ్యాంగం ఒకే సభను ఏర్పరిచింది. తొలుత 50 మంది, 2018లో 51, 2022లో 55 మంది ఎన్నికయ్యారు. 51వ సెక్షన్ చెప్పేది ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: అంతర్జాతీయ ఒప్పందం పార్లమెంటు ఆమోదించాకే దేశానికి కట్టుబాటు అవుతుంది. సభా నియమావళిలోని 130వ నియమం దీన్ని ఆచరణలోకి తెచ్చింది. ఒప్పందం ప్రతితో పాటు దాని వల్ల లాభనష్టాలు, బాధ్యతలు, ఖర్చు వివరించే పత్రాన్ని మంత్రి సభ ముందుంచాలి. అది విదేశాంగ-రక్షణ స్థాయీ సంఘానికి వెళ్తుంది. పరిశీలనకు 30 రోజుల గడువు ఉంటుంది. కమిటీ అధికారులను, సంఘాలను పిలిచి విని నివేదిక ఇచ్చాక సభ ఓటు వేస్తుంది.

ఈ దారిలో వెళ్లినవాటిలో పేరు పొందింది పారిస్ వాతావరణ ఒప్పందం. ఫిజీ పార్లమెంటు దాన్ని 2016 ఫిబ్రవరి 12న ఆమోదించింది. ప్రపంచంలో మొదటి దేశం తామేనని ఫిజీవారు చెబుతారు. ధ్రువీకరణ పత్రాన్ని న్యూయార్క్‌లో సమర్పించింది మాత్రం ఏప్రిల్ 22న, మరికొన్ని దేశాలతో పాటు. చట్టసభ ఆమోదాన్ని లెక్కలోకి తీసుకుంటే ఫిజీ మాట నిజం, ఆ అర్థంలోనే ఇక్కడ స్వీకరిస్తున్నాం. ఓటు వేసిన ఎనిమిది రోజులకు విన్‌స్టన్ తుపాను విరుచుకుపడి 44 మందిని బలిగొన్నది. మరుసటి ఏడు బాన్‌లో జరిగిన 23వ వాతావరణ సదస్సుకు బైనీమరామా అధ్యక్షుడయ్యాడు. చిత్రహింసల నిరోధక ఒప్పందం (2016), పౌర, రాజకీయ హక్కుల ఒప్పందం (2018), అణ్వాయుధ నిషేధ ఒప్పందం (2020) కూడా ధ్రువీకరణ పొందాయి.

కమిటీకి వేరే పనీ ఉంది. విదేశాంగ శాఖ, సైన్యం, పోలీసు శాఖల వార్షిక నివేదికలు దాని ముందుకే వస్తాయి. అయితే నివేదికలు ఏళ్ల ఆలస్యంతో సభకు చేరడం ఫిజీలో పాత ఫిర్యాదు. జరిగిపోయిన ఖర్చు మీద రాసే సిఫారసు ఎంత బాగున్నా పోస్టుమార్టం పరీక్షే. పైగా కమిటీల్లో పార్టీల బలాబలాలు సభలో ఉన్నట్టే ఉంటాయి, కాబట్టి అధికార పక్షానికి మెజారిటీ తప్పదు. 2016లో నియమావళి మార్చి, ప్రజాపద్దుల సంఘం అధ్యక్ష పదవి ప్రతిపక్షానికే దక్కాలన్న షరతును తీసివేశారు. దౌత్య కార్యాలయాల పద్దులపై పడే చూపును కూడా ఆ మార్పు మందగింపజేసిందనే చెప్పాలి.

51వ సెక్షన్‌కు పెద్ద పరిమితి దాని మాటల్లోనే ఉంది. అది ఒప్పందాలకే వర్తిస్తుంది, నిర్ణయాలకు కాదు. 2025 ఫిబ్రవరిలో జెరూసలేంలో రాయబార కార్యాలయం పెట్టాలని, మళ్లీ ప్రధాని అయిన రబుకా మంత్రివర్గం నిర్ణయించింది. ఆ సెప్టెంబరు 17న అది తెరుచుకుంది. ఇటీవలి ఫిజీ విదేశాంగ నిర్ణయాల్లో ఇంతగా వివాదమైనవి తక్కువే. అయినా రాయబార కార్యాలయం తెరవడం ఒప్పందం కాదు గనుక సభ ఓటు అక్కర్లేకపోయింది. చైనాతో పోలీసు సహకార ఒప్పందాన్ని సమీక్షించి, దాన్ని ఉంచుతూనే చైనా అధికారులు ఫిజీ పోలీసు దళంలో కూర్చోకూడదని 2024లో తేల్చింది కూడా ప్రభుత్వమే, సభ కాదు.

భారత్‌తో పోలిక

భారత రాజ్యాంగంలో 51వ సెక్షన్ లాంటిది లేదు. ఒప్పందాలు చేసుకోవడం కేంద్ర కార్యనిర్వాహక అధికారం. అమలుకు చట్టం అవసరమైతేనే 253వ అధికరణం కింద పార్లమెంటు రంగంలోకి వస్తుంది. 1993లో ఏర్పడిన విదేశాంగ స్థాయీ సంఘంలో 31 మంది ఉంటారు. తొలి అధ్యక్షుడు అటల్ బిహారీ వాజ్‌పేయి. ఆ సంఘం శాఖ పద్దులను నిశితంగానే చూస్తుంది, ఒప్పందాన్ని ఆపే అధికారం మాత్రం దానికి లేదు.

తడ పక్కన శ్రీసిటీలో ఇసుజు, కొబెల్కో, దైకిన్ వంటి జపాన్ కంపెనీల కార్ఖానాలున్నాయి. ఆ దేశంతో భారత్ 2011 ఫిబ్రవరిలో సంతకం చేసిన సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. అందుకు పార్లమెంటు ఓటు అడగలేదు, రాజ్యాంగం ప్రకారం అడగనవసరమూ లేదు. ఇక్కడి షాపు ఫ్లోరు మీద సుంకాల ప్రభావం ఎంతదైనా తిరుపతి ఎంపీకి దాని మీద ఓటు లేదు. అలాంటి ఒప్పందం సువాలో అయితే కమిటీ ముందు నిలబడాల్సి వచ్చేది.

జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య నేతృత్వంలో రాజ్యాంగ పనితీరును సమీక్షించిన జాతీయ కమిషన్ 2002లో ఇచ్చిన నివేదికలో, ఒప్పందాలు చేసుకునే అధికారాన్ని క్రమబద్ధం చేస్తూ పార్లమెంటు చట్టం తేవాలని సూచించింది. ఆ కమిషన్‌లో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, జస్టిస్ కొత్తపల్లి పున్నయ్య అనే ఇద్దరు తెలుగు న్యాయమూర్తులు సభ్యులుగా ఉన్నారు. ఆ చట్టం ఇంతవరకు రాలేదు.