చేతికి లేసు, కంటికి సీరియల్

నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో పొద్దువాలాక ఏ వీధి అరుగు చూసినా, ఏ ముందుగది చూసినా తెల్లదారం కనిపిస్తుంది. లేసు అల్లే ఆమె ఎడమచేతి చూపుడువేలికి దారం చుట్టి ఉంటుంది. కుడిచేతిలో కొన వంగిన సన్నటి ఉక్కుసూది. ఆ కొక్కెం దారాన్ని అందుకుంటుంది, ఉచ్చులోంచి లాగుతుంది, మళ్లీ అందుకుంటుంది. ఒళ్లో రూపాయి బిళ్లంత పువ్వు నెమ్మదిగా విచ్చుకుంటుంది. ఎదురుగా టీవీలో సీరియల్ నడుస్తుంటుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు అది చూసి, "టీవీ చూస్తూ ఏదో అల్లుకుంటారండి, కాలక్షేపానికి" అంటారు.

ఈ మాట తలకిందులుగా ఉంది. అల్లిక వాళ్ల పని, సీరియల్ వాళ్ల విశ్రాంతి. పనిని కాలక్షేపం అనడం ఇక్కడ టీవీలు రాకముందు నుంచీ ఉన్న అలవాటు, దానివల్ల ఆ ఆడవాళ్లు పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు.

వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురానికి గుడ్డల వ్యాపారం కొత్త కాదు. పక్కనే ఉన్న మాధవాయిపాలెంలో పదిహేడో శతాబ్దంలోనే ఇంగ్లీషువాళ్లు వర్తక స్థావరం పెట్టారు. ఆ ఊరి పేరు వాళ్ల నోళ్లలో 'మాడపొల్లం' అయి, చివరికి ఒక రకం నూలుగుడ్డకే పేరైంది. లేసు మాత్రం మిషనరీలతో వచ్చింది. 1844లో స్కాట్లండు నుంచి వచ్చిన మెక్‌రే దంపతులు ఇక్కడి ఆడవాళ్లకు ఈ అల్లిక నేర్పారని పరిశ్రమ చరిత్ర చెబుతుంది. మొదట పట్టుకున్నది కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన పేద కుటుంబాల స్త్రీలు. ఆ తరవాత అది కాపుల ఇళ్లలోకీ వెళ్లింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవ నీళ్లతో డెల్టా పండాక, నాలుగు గింజలు వెనకేసుకున్న ఇళ్లలో ఆడవాళ్లు పొలానికి వెళ్లడం పరువు తక్కువ అన్న పట్టింపు పెరిగింది. గడప దాటకుండా చేసుకోగలిగే పనిగా సూది, దారం వాళ్లకు సరిపోయాయి. 1899 కరువునూ, 1929 ఆర్థికమాంద్యాన్నీ తట్టుకుని ఈ పని నిలబడింది.

సముద్రాలు దాటి ఇంగ్లండుకూ, ఫ్రాన్సుకూ, అమెరికాకూ వెళ్లే సరుకు ఇది. అయినా అల్లిన మనిషి పనివాళ్ల లెక్కలోకి రాలేదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఈ ఊళ్లలో తిరిగి చేసిన పరిశోధన 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' పేరుతో పుస్తకమైంది. అప్పటికి లక్షకు పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నారని ఆమె అంచనా. ఇంటిచాకిరీ అంతా అయ్యాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవారు. చేతికి దక్కింది సగటున రోజుకు 56 పైసలు. వ్యాపారులూ, ఇంటి మగవాళ్లూ, కొన్నిసార్లు ఆ స్త్రీలు కూడా దాన్ని తీరికవేళ పని అనే చెప్పారు. జనాభా లెక్కలవాళ్లకూ వాళ్లు గృహిణులే.

పని విడివిడిగా సాగేది. చేతిపని చేసేవాళ్లు పువ్వులు అల్లితే, అతుకుపని చేసేవాళ్లు వాటిని కలిపి టేబుల్ క్లాతో, దుప్పటో చేసేవారు. పువ్వు అల్లిన మనిషి పూర్తయిన దుప్పటిని చూడకపోయినా ఆశ్చర్యం లేదు. ఎనిమిది గంటలు తీరిక కింద జమైపోతే ఆ మనిషికి నిజమైన తీరిక ఎక్కడ? ఉన్న చోటునుంచి కదలకుండా, చెయ్యి ఆపకుండా దొరకాలి.

మొదట ఆ తీరిక చెవిలోకి వచ్చింది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. రేడియో నాటకం అల్లేవాళ్ల కోసమే పుట్టిందా అన్నట్టుంటుంది: కళ్లు దారం మీద ఉంచుకోవచ్చు, మనసు కథలో ఉంచుకోవచ్చు. ఈ మాటకు అమెరికాలో ఆధారం ఉంది. 1930లో చికాగో రేడియోలో ఇర్నా ఫిలిప్స్ రాసిన 'పెయింటెడ్ డ్రీమ్స్'తో పగటిపూట ధారావాహికలు మొదలయ్యాయి. ఇంట్లో పని చేసుకునే ఆడవాళ్లు వాటి శ్రోతలు, సబ్బుల కంపెనీలు వాటి పోషకులు. సోప్ ఒపెరా అన్న పేరు అలా వచ్చిందే. ఒక పూట వినకపోయినా కథ అందేలా, గిన్నెల చప్పుడులో మాట పోయినా మళ్లీ దొరికేలా వాటిని రాశారు.

టీవీ వచ్చేసరికి లెక్క మారింది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. అయితే పల్లెల్లో ఇళ్లను ఒక్కచోట చేర్చింది 1987 జనవరి 25న మొదలైన 'రామాయణ్'. టీవీకి పసుపుకుంకాలు పెట్టి, దండలు వేసి దేశమంతా ఆదివారం పొద్దున్న కూర్చున్న రోజులవి. దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చున్నప్పుడు చేతిలో సూది ఎవరికి గుర్తుంటుంది? పని పూర్తిగా ఆగే విశ్రాంతి అది, వారానికి ఒక్కసారి.

రోజువారీ తెలుగు సీరియల్ ఇచ్చింది వేరే రకం విశ్రాంతి. 1990ల్లో దూరదర్శన్‌లో మంజులానాయుడు తీసిన 'ఋతురాగాలు' ఇంటింటి మాటైంది. 1995 ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది, జెమినీ కూడా ఆ కాలంలోనే. 2003లో అదే దర్శకురాలి 'చక్రవాకం', 2008లో 'మొగలిరేకులు'. ఒకదాని వెనక ఒకటి ఏళ్ల తరబడి సాగాయి. సీరియల్ సాగదీస్తుందని చదువుకున్నవాళ్లు ఎప్పుడూ విసుక్కుంటారు. ఒకే మొహాన్ని మూడుసార్లు చూపించడం, మనసులో మాటను పైకి అనిపించడం, నిన్నటి కథను ఇవాళ మళ్లీ చెప్పడం వాళ్లకు లోపాలు. కళ్లు సగంసేపు దారం మీదుండే మనిషికి అవే ఆధారం. ఉరుము శబ్దం వినపడగానే తలెత్తితే చాలు, చూడాల్సిన మొహం ఇంకా తెరమీదే ఉంటుంది.

చేయి తిరిగినవాళ్లకు గొలుసుకుట్టు చూడకుండానే నడుస్తుంది. పువ్వు రేకుల దగ్గర మాత్రం లెక్క ఉంటుంది. ఏడుపు సీనులో ఒక్క కుట్టు తప్పితే రేకు వంకరపోతుంది. అంతవరకు లాగేసి మళ్లీ అల్లాలి. అందుకే ప్రకటనలు రాగానే పువ్వును మోకాలి మీద పరిచి, గోటితో ఒక్కో రేకూ తడుముతూ లెక్క చూసుకుంటారు. మర్నాడు దారం కోసం ఒకరింటికొకరు వెళ్లినప్పుడు ముందడిగేది కథే.

"పిన్నీ, రాత్రి మా ఈదిలో కరెంటు పోయింది. ఆ పిల్ల నిజం చెప్పేసిందా?"

"ఎక్కడే అమ్మా, నోరు తెరిచేలోగా ఆపేశాడు. నువ్వు కూచో, చెప్తాను."

2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా నడిచిన 'కార్తీకదీపం' సీరియల్‌లో నాయిక వంటపని చేసుకుని బతుకుతుంది. ఆ పాత్ర వేసిన ప్రేమీ విశ్వనాథ్‌ను జనం వంటలక్క అనే పిలిచారు.  చేతిపని మీద నిలబడ్డ ఆడమనిషి కథ కాబట్టే లేసు అల్లే ఇళ్లలో అది దగ్గరగా అనిపించి ఉంటుంది. 2020 వేసవిలో కరోనావల్ల షూటింగులు ఆగి పాత భాగాలే వచ్చాయి. లేసు ఎగుమతులకూ అప్పుడే దెబ్బ తగిలింది.

2024లో నరసాపురం లేసు అల్లికకు భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు దక్కింది. అప్పటికి పశ్చిమగోదావరి, కోనసీమ జిల్లాల్లోని 19 మండలాల్లో దాదాపు 15,000 మంది ఈ పనిలో ఉన్నారు. మీస్ లెక్కతో పోలిస్తే ఎంత తగ్గారో తెలుస్తుంది. చైనా యంత్రాల లేసు చౌకగా రావడం అందుకు ఒక కారణం. నరసాపురం దగ్గరి సీతారామపురంలోని లేసు కేంద్రంలో సంఘాల ద్వారా ఆర్డర్లు తీసుకునే ఏర్పాటుంది.

ఇప్పుడు చాలా ఇళ్లలో సీరియల్ ఫోన్‌లోకి దిగింది. దారపు ఉండకు ఆనించి నిలబెడతారు. కావలసిన చోట ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు. అల్లాల్సిన నమూనా ఫొటో కూడా ఆ ఫోన్‌కే వస్తుంది. రేకుల లెక్క సరిచూసుకోవాలంటే కథ ఆపాలి. నమూనా చూసి, పువ్వు చూసి, మళ్లీ కథ దగ్గరికి రావాలి.