రాఘవాపుర క్రైస్తవసంఘము - దాని మూలపురుషుడు

కృష్ణామండలమున మెట్టసీమ యనగా నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు. 1855-వ సంవత్సరమున బెజవాడ ఆనకట్ట ముగిసి డెల్టాభూములకు కాలువనీరు పారినను, ఈ మెట్టనేలలకు వానలును చెరువులును మాత్రమే యాధారములుగా నిలిచినవి. అయినను చరిత్రకారునకు ఇది దరిద్రసీమ గాదు. జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయనివారు తమ తండ్రి జగ్గయ్యగారి పేర దానిని పేటగా వెలయించిరి. ఆ యూరి చెంత నున్న బౌద్ధస్తూపమును 1882-లో బర్జెస్ దొర పరీక్షించెను. ఇక్ష్వాకు వీరపురుషదత్తుని యిరువదవ రాజ్యవత్సరపు శాసనము అచ్చట దొరకినది. అందు ఆయకస్తంభములను నిలిపిన దాత రాజు గాడు, మంత్రి గాడు, సిద్ధార్థుడను శిల్పి. అతని తండ్రి పేరును, ఊరి పేరును సయితము శిల యిప్పటికిని చెప్పుచున్నది.

అట్టి భాగ్యము ఇదే సీమయందు పందొమ్మిదవ శతాబ్దమున నొక క్రొత్త సంఘమునకు మూలపురుషుడైన పగోలు వెంకయ్యకు కలుగలేదు. ఆయన తన కథను తాను వ్రాసికొనలేదు, పరులు వ్రాసిరి. కావున నందిగామ సీమలోని రాఘవాపుర సంఘమును నిజముగా నెవరు స్థాపించిరను ప్రశ్నను మనము జాగరూకతతో విచారింపవలసి యున్నది.

ఇంగ్లండు దేశపు చర్చి మిషనరీ సొసైటీవారు తెలుగుదేశమున పని నారంభించినది 1841-లో. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అను నిరువురు మచిలీపట్టణమున దిగిరి. నోబుల్ దొర 1843-లో ఆంగ్ల పాఠశాల నెలకొల్పి అగ్రవర్ణముల బాలురకు విద్య గఱపెను. విద్యావంతులు మారినచో తక్కినవారును వారి వెంట వత్తురని యాయన తలంపు. 1852-లో ఆ పాఠశాలనుండి బ్రాహ్మణ బాలు డొకడును వెలమ బాలు డొకడును బాప్తిస్మము పొందిరి. అందుచే పట్టణమున గొప్ప యలజడి పుట్టినది. వారి వెంట వారి కులములు రాలేదు.

ఏడేండ్లకు, 1859-వ సంవత్సరమున, పట్టణమునను పాఠశాలయందును గాక మెట్టపల్లెయం దొక మార్పు కలిగెను. వెంకయ్య రాఘవాపుర వాస్తవ్యుడు, మాల కులజుడు, తనవారిలో పెద్దగా నెన్నబడినవాడు. ఆయన తొలుత దోపిడి ముఠాకు నాయకుడని మిషను గ్రంథములు చెప్పుచున్నవి. విగ్రహములు దేవుండ్లు గావనియు, దేవు డొక్కడే యనియు నెవరో యన్నమాట చెవిని బడినది మొదలు కొన్నేండ్లపాటు, పేరు తెలియని యా దేవుని తనకు దర్శనమిమ్మని వేడుకొనుచుండెనట. పిమ్మట బెజవాడ కృష్ణాతీరమునకు శివరాత్రి తీర్థమునకు పోయి, అచ్చటివారు చెప్పగా డార్లింగు అను మిషనరీని కలిసికొనెను. ఆ యేడే రాఘవాపురమున ఆయనయు బంధువులును బాప్తిస్మము గొనిరి. కృష్ణాజిల్లా యేర్పడినదియు ఆ సంవత్సరముననే.

ఈ కథయందు సంశయింపదగిన యంశము లేకపోలేదు. దొంగ భక్తుడగుట మన పురాణములయందు వాల్మీకి కథనుండియు పరిచితమే. మిషను పత్రికలును అట్టి కథలను ప్రీతితో ప్రకటించుచుండెడివి. కావున దోపిడి వృత్తాంతమున కొంత యతిశయోక్తి చేరియుండవచ్చును. కాని వెంకయ్య తనంతట తానే వెదకికొని వచ్చెనను మాట వేఱు. అది మిషనరీల ప్రయత్నమున కీర్తిని తగ్గించునదే గాని పెంచునది గాదు. తన ఘనతను తగ్గించు విషయమును సాక్షి తానై చెప్పినప్పుడు దానిని నమ్ముట చరిత్రన్యాయము.

ఇంకొక వాదము కలదు. పల్లెలలోని బీదజనులు అన్నమునకై మతము మార్చికొనిరని పెక్కురు తలంతురు. ఒంగోలు ప్రాంతమున క్లౌ దొర 1878 జూలై 3-వ తేదీన ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మ మిప్పించెను. అది 1876-78 నాటి ధాతకరవునకు పిమ్మట జరిగినది గావున అచ్చట నా చర్చ కవకాశము కలదు. రాఘవాపుర మట్లు గాదు. ఆ కరవున కిది పదునేడేండ్లు ముందు. కరవు సాయముచే దీని పుట్టుకను వివరింపజాలము. మఱి యేది కారణము? అంటరానివారను పేర దేవాలయద్వారమునకు దూరముగా నుంచబడినవారికి దేవుని సన్నిధిని నిలుచు హక్కు దొరకుట సామాన్యమైన లాభము గాదు. మన సమాజము తనను తాను ప్రశ్నించుకొనవలసిన చోటిదియే.

ఇక సంఘపరిపాలన విషయము. క్రైస్తవులలో బిషప్పుల యేలుబడి గలవారు కొందఱు, పెద్దల సభల యేలుబడి గలవారు కొందఱు. రెండవవారే ప్రెస్బిటేరియనులు, 'ప్రెస్బిటర్' అను గ్రీకుపదమునకు 'పెద్ద' యని యర్థము. రాఘవాపురము బిషప్పుల శాఖకు చెందినది. 1912-లో దోర్నకల్లునకు బిషప్పైన అజరయ్యగారు ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడు. కృష్ణామండల సంఘములును తరువాత నాయన పాలనలోనికి వచ్చినవి. ప్రెస్బిటేరియనులు 1908-లో కాంగ్రిగేషనలు సంఘములతో గూడి దక్షిణ భారత ఐక్య సంఘమైరి. 1947 సెప్టెంబరు 27-న మద్రాసున ఆంగ్లికను, మెథడిస్టు, ఐక్య సంఘములు మూడును కలిసి దక్షిణ ఇండియా సంఘ మేర్పడెను. అందు బిషప్పును నిలిచెను. గురువునకు 'ప్రెస్బిటర్' అను పేరును నిలిచెను.

కాని పెద్దరికమను తత్త్వము మెట్టసీమకు మద్రాసునుండి రావలసిన పని లేకపోయెను. నోబుల్ శిష్యులు విద్యావంతులయ్యు ఒంటరులైరి; వెంకయ్య తనవారిలో పెద్ద గావున బంధువులు వెంట నడచిరి. 1891-లో ఆయన మరణించునాటికి రాఘవాపురము మిషను కేంద్రములలో నొకటిగా పేరొందెను. బాప్తిస్మ మిచ్చినవాడు డార్లింగు. సంఘమును గూర్చినవాడు వెంకయ్య.

జగ్గయ్యపేట శిల్పి పేరు శిలయం దుండుటచే మనకు దక్కినది. నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనున్న యీ ప్రాంతపు పల్లెలలో ముదుసళ్లు చెప్పు వంశకథలు అట్లు శిలనెక్కినవి గావు. పాఠశాలల పండితులు వానిని విని, మిషను లేఖలతో సరిపోల్చి వ్రాసిపెట్టుదురేని, ఇంతవరకు దొరల పేర మాత్రమే నడచిన చరిత్రలో ఆ పల్లెల పెద్దలకు ఉచితస్థానము లభించును.