మరమగ్గము ఏల ఆగును? – సిరిసిల్ల సాంచాల కథ

మానేటి ఒడ్డున నున్న సిరిసిల్లలో మరమగ్గమును ‘సాంచా’ అందురు. ఆ పట్టణపు వీధులలో నడచువారికి మనుష్యుల మాటలకన్న ముందుగా వినవచ్చునది సాంచాల చప్పుడే. చిరకాలము కరీంనగరు జిల్లాలో నుండి, 2016లో వేరు జిల్లాకు కేంద్రమైన ఈ ఊరిలో పాతికవేలకు పైగా సాంచాలు కలవు. వాటిలో అధికభాగము నాడెతో నడచు సాదా మగ్గములే. ఒక సాంచా ఎంత బట్ట నేయగలదు? నిజముగా ఎంత నేయుచున్నది? ఈ రెండింటికిని చాల అంతరము కలదు. మరమగ్గముల చరిత్రలో పెక్కుభాగము ఆ అంతరమును తగ్గించుటకు జరిగిన ప్రయత్నమే.

లెక్క వేసి చూతము. బట్టలో పొడవున సాగు దారములు పడుగు. అడ్డముగా పోవునవి పేక. నాడె ఒక అంచునుండి రెండవ అంచునకు పోయినచో ఒక పేకపోగు పడును. నిమిషమునకు 140 పోగులు వేయు సాంచాపై, అంగుళమునకు 56 పోగులు గల బట్టను నేయుచున్నారనుకొందము. నిమిషమునకు రెండున్నర అంగుళముల చొప్పున 8 గంటలలో 1,200 అంగుళములు, అనగా 33 గజములకు పైగా బట్ట రావలెను. కాని సాంచా ఆ 8 గంటలును నడువదు. నూటికి 60 పాళ్ల కాలమే నడచినచో వచ్చునది 20 గజములు. 90 పాళ్లు నడచినచో 30 గజములు. వేగము రవంతయు పెంచకుండగనే పది గజములు అదనముగా వచ్చినవి గదా! నేసిన బట్టను కొలిచి కూలి యిచ్చుచోట కార్మికుని సంపాదన ఒకటిన్నర రెట్లగును.

సాంచా ఏల ఆగును? నాడె కడుపులో కండె యుండును. కండెకు చుట్టిన నూలు అయిపోగానే మగ్గమును ఆపి కొత్త కండె పెట్టవలెను. కండెపై వెయ్యి మీటర్ల నూలున్నదనుకొందము. మీటరుంబావు వెడల్పు గల బట్టకు అది 800 పోగులకు సరిపోవును. అనగా ఆరు నిమిషములైనను రాదు. ఆగక నడచు ఒక్క సాంచాకే 8 గంటలలో ఎనుబదికి పైగా కండెలు మార్చవలసియుండును. ఒకే మనిషి పలు సాంచాలను చూచుకొనునప్పుడు మరియొక చిక్కు వచ్చును. అతడు ఒకదాని తెగిన పోగును అతుకుచుండగా వేరొకటి కండె అయిపోయి ఆగును. అది బాగుపడుటకు పట్టు కాలము అర నిమిషమే కావచ్చును. అతని కొరకు వేచియుండు కాలము దానికి ఎన్నో రెట్లుండును. కార్మికుని సోమరితనమని పలువురు పొరబడునది ఈ నిరీక్షణనే.

అట్లయిన వేగమునే పెంచరాదా? నాడె సుమారు అరకిలో బరువుండును. దానిని ప్రతి పోగునకును విసరి, అవతల పట్టి నిలుపవలెను. వేగము రెట్టింపైనచో దాని చలనశక్తి నాలుగింతలగును. ఆ దెబ్బకు కొయ్య భాగములు విరుగును, పోగులు తెగును, మగ్గము మరింత తరచుగా ఆగును.

ఇంగ్లండులో జాన్ కే 1733లో తాడు లాగిన పరుగెత్తు నాడెను కనిపెట్టెను. 1785లో ఎడ్మండు కార్ట్‌రైట్ అను మతాచార్యుడు మరమగ్గమునకు పేటెంటు పొందెను. కాని తొలి మరమగ్గములపై పడుగునకు గంజి పట్టించుటకు మాటిమాటికి నేత ఆపవలసి వచ్చెడిది. 1803 ప్రాంతమున స్టాక్‌పోర్టులో విలియం రాడ్‌క్లిఫ్ పడుగునకు ముందుగానే గంజి పెట్టి ఆరబెట్టు యంత్రమును సిద్ధము చేయించెను. దానితో ఒక పెద్ద విరామము తొలగెను. 1842లో కెన్‌వర్దీ, బుల్లో అనువారు చేసిన మార్పు వింతయైనది. వారి మగ్గము పేక తెగిన వెంటనే తనంతట తానే ఆగిపోవును. ఆగు యంత్రము అధికముగా ఎట్లు నేయును? మగ్గము తన కావలి తానే కాచుకొనినందున ఒక మనిషి ఎక్కువ మగ్గములను చూడగలిగెను. చెడిన బట్టను విప్పి మరల నేయు పని తప్పెను.

తరువాత కండె వంతు వచ్చినది. 1894లో అమెరికాలో డ్రేపరు కంపెనీ విక్రయించిన నార్త్‌రప్ మగ్గము, నడచుచుండగనే ఖాళీ కండెను నెట్టివేసి కొత్తదానిని నాడెలో పెట్టుకొనెను. 1924లో జపానులో సకిచి టొయోడా ‘జి’ రకపు మగ్గము వేగము తగ్గకుండ నాడెనే మార్చెను. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ సోదరుల సంస్థ ఆ హక్కులను కొనెను. మగ్గములను ప్రపంచమునకు అమ్మిన దేశము జపానునుండి కొనుట ఆనాడు చిన్న సంగతి కాదు. 1950 దశకమున స్విట్జర్లాండువారి సుల్జరు మగ్గము నాడెనే తొలగించి, సుమారు 40 గ్రాముల ఉక్కు ముక్కతో పోగును విసరెను.

సిరిసిల్ల సాంచాలు ఈ చరిత్రలో నార్త్‌రప్‌కు పూర్వపు మెట్టున నున్నవి. దానికి కారణము కలదు. ఇక్కడి నేతవారు బొంబాయి, షోలాపూరు, భీవండీలకు వలసపోయి మరమగ్గముల పని నేర్చిరి. తిరిగి వచ్చుచు నేర్పునే కాక, అక్కడ చవుకగా దొరకిన పాత మగ్గములను గూడ తెచ్చుకొనిరి. చిన్న పెట్టుబడికి అందునవి అవే. పక్కనున్న ఆదిలాబాదు రేగడిలో పత్తి విరివిగా పండుచున్నను, ఇక్కడి సాంచాలలో ఎక్కువ భాగము పశ్చిమ భారతమునుండి వచ్చు పాలియెస్టరు నూలునే నేయుచు వచ్చినవి. 1990 దశకము చివరను, 2000 తరువాతను నూలు ధర, అప్పులు, పని లేమి కలసి ఎందరో నేత కార్మికుల ప్రాణములు తీసినవి.

కేంద్ర ప్రభుత్వము 1999లో వస్త్రపరిశ్రమ ఆధునికీకరణకు నిధి నేర్పరచెను. కొత్త మగ్గము కొనలేనివారికి పాతదానినే చక్కదిద్దు మార్గము ‘పవర్‌టెక్స్’ పథకమున 2017లో చేరినది. పడుగుగాని పేకగాని తెగినప్పుడు ఆపు సాధనము, గట్టి బ్రేకు, నూనె అక్కరలేని నైలాను భాగములు సాదా సాంచాకే బిగింతురు. ఇవి 1842 నాటి ఊహకు దగ్గరివే. ఆలస్యముగా వచ్చినను అక్కరకు వచ్చునవే.

అదే 2017లో తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మ చీరల ఆర్డరును సిరిసిల్లకు ఇచ్చినది. అంచు చీర నేయుటకు పలువురు ఆసాములు సాంచాలపై డాబీలు బిగించుకొనిరి. 2024లో ఆ ఆర్డరు రాలేదు. పోగు తెగక, కండె అయిపోక, కరెంటు పోకయే పెక్కు సాంచాలు నిలిచిపోయినవి. మరుసటి ఏడు మహిళా సంఘముల సభ్యులకు ఇచ్చు చీరల పని వచ్చిన తరువాత, ఆ డాబీలే మరల కదలినవి.