ఒకే డోరు నంబరు, రెండు ఉత్తర్వులు

2006 అక్టోబరు 26కు ముందు, మొగుడు బయటికి గెంటేసిన ఆడదానికి కోర్టులో మనోవర్తి దొరికేది గాని ఇల్లు దొరకడం గగనం. ఆ మనోవర్తి అయినా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 125 కింద 2001 దాకా నెలకు 500 రూపాయలు దాటడానికి వీల్లేదు. 1983లో ఐపీసీలోకి వచ్చిన 498-ఎ కింద మొగుడి మీద కేసు పెట్టే వీలుండేది, కానీ ఆ రాత్రి పిల్లల్ని వేసుకుని ఎక్కడ తలదాచుకోవాలో ఏ సెక్షనూ చెప్పేది కాదు.

ఆ రోజు అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం ఆ లోటు తీర్చింది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుందని సెక్షన్ 17 చెప్పింది. సెక్షన్ 19 కింద మెజిస్ట్రేటు నివాస ఉత్తర్వు ఇవ్వొచ్చు. అర్జీ మీద డీ.వీ.సీ. (గృహహింస కేసు) నంబరు పడగానే ఆడవాళ్ళ మొహాల్లో కనిపించిన ధైర్యం నేను మర్చిపోలేను.

రెండు నెలలు తిరక్కుండానే దెబ్బ పడింది. 2006 డిసెంబరు 15న, ఢిల్లీ అశోక్ విహార్‌లోని ఓ ఇంటి తగాదాలో, ఇల్లు అత్తగారిది కాబట్టి కోడలికి అందులో ఉండే హక్కు లేదని సుప్రీంకోర్టు తేల్చింది. భర్త సొంతిల్లో, అతను అద్దెకు తీసుకున్నదో, అతనికి భాగమున్న ఉమ్మడి ఇల్లో అయితేనే ఆమెకు హక్కట. ఇక కేసు వాసన తగిలితే చాలు, ఇల్లు తల్లి పేరున రాసెయ్యడం మొగుళ్ళు నేర్చారు. అది తప్పుడు తీర్పని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఇంతలో 2007లో వృద్ధుల చట్టం వచ్చింది. దాన్ని నేను తప్పుపట్టను. ఆస్తి రాయించుకున్న కొడుకు వరండాలోకి నెట్టిన ముసలివాళ్ళ కోసం నేనూ అర్జీలు రాశాను. మన దగ్గర ఆ చట్టం కింద అర్జీలు వినే ట్రిబ్యునల్లో కూర్చునేది ఆర్డీవో. వేరే చట్టాలు ఏం చెప్పినా తన మాటే చెల్లుతుందని ఆ చట్టంలో సెక్షన్ 3 ఉంది. భార్యను వదిలించుకోవాలనుకున్న కొడుక్కి దారి దొరికింది: తాను కనబడకుండా, తల్లిదండ్రుల చేత అక్కడ అర్జీ పెట్టించడం.

ఒకసారి పోలీస్ స్టేషన్లో రైటరు బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పరిచాడు. మెజిస్ట్రేటుది: ఈమెను ఇంట్లోంచి కదిలించకూడదు. ఆర్డీవోది: ఈమె చేత ఇల్లు ఖాళీ చేయించాలి. డోరు నంబరు ఒకటే. రెండింటి మీదా గుండ్రటి సీలే. "మేడమ్, దేన్ని అమలు చెయ్యమంటారు?" అన్నాడు ఎస్సై. ఆర్డీవో ఫైల్లో డీ.వీ.సీ. ఊసు లేదు, మెజిస్ట్రేటు ఫైల్లో ఆర్డీవో ఊసు లేదు. అత్త నిజంగానే భయపడుతోంది. కోడలు నిజంగానే దెబ్బలు తింది. పైగా, ప్రతివాది వయోజన పురుషుడే అయి ఉండాలన్న మాటను 2016లో సుప్రీంకోర్టు కొట్టేశాక, అత్త కూడా కోడలి మీద గృహహింస చట్టం కిందే వెళ్ళే వీలుంది.

చిక్కుముడి విడింది 2020లో. అక్టోబరు 15న సుప్రీంకోర్టులో జస్టిస్ అశోక్ భూషణ్, మన మెదక్ జిల్లాకు చెందిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి, జస్టిస్ ఎం.ఆర్. షా పాత అశోక్ విహార్ తీర్పును తోసిపుచ్చారు. మామగారి పేరున ఉన్న ఇంట్లోనూ కోడలికి నివాస హక్కు ఉండొచ్చన్నారు. అలాగని మామగారి నోరూ కట్టెయ్యలేదు. ఆయన సివిల్ దావా వేసుకోవచ్చు, మెజిస్ట్రేటు ఉత్తర్వు దానికి అడ్డు కాదు. నవంబరు 4న సుప్రీంకోర్టు మనోవర్తి సంగతి తేల్చింది: వేరే కోర్టులో వచ్చిన ఆర్డరును దాచకుండా చెప్పాలి, అక్కడ వచ్చిన సొమ్మును ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి.

డిసెంబరు 15న వచ్చిన తీర్పు ఓ బెంగళూరు ఇంటి మీద. పెళ్ళికి ముందు భర్త కొన్నాడు, తర్వాత తండ్రికి అమ్మాడు. భార్యాభర్తల మధ్య విడాకుల కేసు నడుస్తుండగా, 2010లో తండ్రి దాన్ని తల్లికి దానంగా రాశాడు. వృద్ధుల చట్టం కింద అధికారి కోడల్ని ఖాళీ చెయ్యమన్నాడు, హైకోర్టూ సరేనంది. జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఇందూ మల్హోత్రా, జస్టిస్ ఇందిరా బెనర్జీ దాన్ని కొట్టేశారు. వృద్ధుల చట్టం గొప్పదే, కానీ దాన్ని అడ్డం పెట్టుకుని ఆడదాని నివాస హక్కును తుడిచెయ్యడానికి వీల్లేదన్నారు. రెండు చట్టాలనూ కలిపి చదవాలన్నారు. గృహహింస చట్టం కింద వెళ్ళడానికి ఆమెకు ఏడాది గడువిచ్చి, అప్పటిదాకా ఎవరూ కదిలించకూడదన్నారు.

నన్నడిగితే ఈ మూడింటిలో ఎక్కువ మేలు చేసింది ఇదే. ఇప్పుడు ఆర్డీవో ముందు డీ.వీ.సీ. ఆర్డరు జిరాక్సు, మెజిస్ట్రేటు ముందు ఆర్డీవో నోటీసు జతచేసి మెమో వేస్తాను. వేరే చోట వచ్చిన ఆర్డరును మెజిస్ట్రేటుకు చెప్పాలని గృహహింస చట్టం సెక్షన్ 26 మొదట్నుంచీ అంటూనే ఉంది, పాటించినవాళ్ళే తక్కువ.

ఆ స్టేషన్ కేసు చివరికి సెక్షన్ 19(1)(ఎఫ్) కింద తేలింది. అత్తగారిల్లు అత్తగారికే ఉంది. పిల్లల బడికి దగ్గర్లో రెండు గదుల వాటా చూపించి, అద్దె భర్త కట్టాలని ఆర్డరు. రెండుసార్లు ఎగ్గొట్టాడు, రెండుసార్లూ పిటిషన్ వేసి కట్టించాం.