బళ్లారి సీమలో ఇంటి అర్జీ: తిరస్కారం, పునర్విచారణ

ఇల్లు లేని కుటుంబానికి దక్కవలసిన స్థలాన్నో, కట్టుబడికి ఇచ్చే ధనసాయాన్నో స్థానిక సంస్థ నిరాకరించినప్పుడు ఆ నిర్ణయాన్ని ప్రశ్నించే పద్ధతికి బళ్లారి జిల్లాలో రెండు శతాబ్దాలకు పైబడిన పూర్వచరిత్ర ఉంది. ఇళ్ల పథకాలు ఇరవయ్యో శతాబ్దంలో పుట్టినవే అయినా, కింది ఉద్యోగి చేసిన నిర్ణయం మీద పై అధికారికి అర్జీ పెట్టుకోవడం ఇక్కడి రైతుకూ కూలీకీ కంపెనీ ఏలుబడి తొలినాళ్ల నుంచి తెలిసిన పని. ఆ చరిత్రను వరుసగా పరిశీలిస్తే, అర్జీ పెట్టుకునే హక్కు కాగితం మీద ఏ కాలంలోనూ లేకుండా పోలేదని తెలుస్తుంది. ఆ హక్కు ఫలించిందా లేదా అన్నది మాత్రం, తిరస్కారానికి కారణం రాసి ఇచ్చారా, రెండోసారి విన్నవారు మొదట నిర్ణయించినవారేనా, అర్జీదారుకు అర్థమయ్యే భాషలో ఆ వ్యవహారం నడిచిందా అన్నవాటి మీదే ఎప్పుడూ ఆధారపడింది.

1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో హైదరాబాదు నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. అలా వచ్చిన సీమకు దత్తమండలాలని పేరు. వాటికి ప్రధాన కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేసిన థామస్ మన్రో పొలం పొలానికీ కొలతలు వేయించి, జమీందారు మధ్యవర్తిత్వం లేకుండా ప్రతి సాగుదారు నుంచీ నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతిని ఇక్కడ స్థిరపరచాడు. ఆ పద్ధతికి కేంద్రం జమాబంది, అంటే ఏటా ఒక్కో రైతు చెల్లించవలసిన శిస్తును లెక్కచూసి ఖరారు చేసే విచారణ. గ్రామపెద్ద అయిన రెడ్డి, ఊరి లెక్కలు రాసే కరణం తమ పుస్తకాలతో అధికారి ఎదుట హాజరయ్యేవారు. ఎండిన పైరుకు వజా, అంటే శిస్తు తగ్గింపు, కావాలనో, తన పేర రాసిన పొలం తనది కాదనో చెప్పుకోదలచిన రైతు అక్కడే విన్నవించుకోవాలి. సర్కారును ఎన్నడూ ముఖాముఖి చూడని పల్లె మనిషికి ఏడాదికొకసారి పై అధికారి ఎదుట నిలిచి మాట్లాడే అవకాశం కల్పించినందువల్ల జమాబందిని చిన్నచూపు చూడడానికి వీల్లేదు. అయితే రైతు ఫిర్యాదు చాలాసార్లు కరణం రాసిన లెక్క మీదే. ఆ ఫిర్యాదు నిజమో కాదో తేల్చడానికి అధికారి తెరిపించేదీ కరణం పుస్తకమే. ఈ చిక్కుముడి ఆ తరువాతి నూటయాభై ఏళ్లలో రకరకాల రూపాల్లో మళ్లీ మళ్లీ ఎదురైంది.

1816లో మద్రాసు ప్రభుత్వం చేసిన శాసనాలు గ్రామ మునసబులకూ గ్రామ పంచాయతీలకూ చిన్న తగాదాలు తీర్చే అధికారం ఇచ్చి, పోలీసు బాధ్యతను తహసీల్దారుకు అప్పగించాయి. శిస్తు వసూలు చేసే చేతికే లాఠీ కూడా చిక్కడంతో ఫిర్యాదు చేయడమే ప్రమాదకరమైంది. మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి 1852లో స్థాపించిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ రైతుల బాధలను వివరిస్తూ బ్రిటిష్ పార్లమెంటుకు మహజరు, అంటే పలువురు సంతకాలు చేసిన విన్నపం, పంపింది. ఆ ఒత్తిడి ఫలితంగా ఏర్పడిన విచారణ సంఘం శిస్తు వసూలులో హింస జరుగుతున్న మాట నిజమేనని 1855లో ఇచ్చిన నివేదికలో ఒప్పుకొని, బాధితుడు న్యాయం పొందడానికి ఉన్న కష్టాలను ఏకరువు పెట్టి, రెవెన్యూ, పోలీసు అధికారాలను విడదీయాలని సూచించింది. 1859 నాటి మద్రాసు పోలీసు చట్టం ఆ మార్పును అమలుపరచింది. అన్యాయం చేసినవాడినే విచారణకర్తగా ఉంచకూడదన్న సూత్రం ఈ సీమ పరిపాలనలో శాసనరూపం దాల్చిన ఘట్టాల్లో ఇది ప్రధానమైనది.

ఇంటి స్థలం ప్రభుత్వం ఇవ్వవలసిన వస్తువుగా మారింది మరి కొంతకాలానికి. ఊరి ఇళ్ల కోసం విడిచిన శిస్తు లేని నేలను తెలుగు జిల్లాల్లో గ్రామకంఠమనీ గ్రామనత్తమనీ, కన్నడ సీమలో గ్రామఠాణ అనీ పిలుస్తారు. పాలెర్లుగా, కూలీలుగా బతికిన దళిత కుటుంబాలకు ఆ కంఠంలో చోటు దక్కేది కాదు. ఊరి వెలుపల భూస్వామి పట్టా నేలలో గుడిసె వేసుకున్నవారు అతని మాట కాదన్న రోజున గుడిసె కూడా ఖాళీ చేయవలసి వచ్చేది. మద్రాసు ప్రభుత్వం 1920 ప్రాంతంలో నెలకొల్పిన లేబర్ శాఖ అణగారిన కులాలవారికి ఇళ్ల స్థలాలు సేకరించి ఇచ్చే పనిని చేపట్టింది. దరఖాస్తు తహసీల్దారుకు పెట్టుకోవాలి. కాదంటే డివిజను అధికారికి, అక్కడా కాకపోతే కలెక్టరుకు, చివరికి మద్రాసులోని రెవెన్యూ బోర్డుకు విన్నవించుకోవచ్చు. బోర్డు స్టాండింగ్ ఆర్డర్లు, అంటే రెవెన్యూ బోర్డు జారీచేసిన శాశ్వత ఉత్తర్వులు, ఈ మెట్లను ఓపికగా ఏర్పరచాయి. కానీ ఆ దరఖాస్తు మీద కింది నుంచి నివేదిక పంపవలసినవారు గ్రామోద్యోగులే. కూలీ దరఖాస్తుకు అడ్డుపడే భూస్వామి, గ్రామోద్యోగి ఒకే ఇంటివారైన ఊళ్లో పై మెట్లు ఎన్ని ఉన్నా అన్నింటికీ ఆధారం ఆ ఒక్క కాగితమే అయ్యేది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్లారి తాలూకా సంగతి తేల్చడానికి నియమితుడైన హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రా దానిని మైసూరుకు ఇవ్వాలని సిఫారసు చేశాడు. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం బళ్లారి, హోస్పేట, సిరుగుప్ప తాలూకాలను తుంగభద్ర ప్రాజెక్టు దృష్ట్యా ఆంధ్రకు మార్చాలని చెప్పినా ఆ సిఫారసు అమలు కాలేదు; అవి మైసూరులోనే, అంటే నేటి కర్ణాటకలోనే, ఉండిపోయాయి. ఎవరి వాదం న్యాయమన్నది ఇక్కడ ప్రస్తుతం కాదు. అర్జీదారు వైపు నుంచి చూస్తే, అప్పటిదాకా ఒకే బోర్డు ఉత్తర్వుల కింద ఉన్న ఆలూరు కూలీకీ సిరుగుప్ప కూలీకీ దారులు వేరుపడ్డాయి. ఆంధ్ర వైపు తహసీల్దారు మీద అప్పీలు ఆర్డీవోకూ కలెక్టరుకూ పోతుండగా, బళ్లారిలో 1964 నాటి భూ రెవెన్యూ చట్టంతో అది అసిస్టెంట్ కమిషనరుకూ డిప్యూటీ కమిషనరుకూ పోసాగింది. 1963 నాటి అధికార భాషా చట్టం కచేరీ వ్యవహారానికి కన్నడాన్ని స్థిరపరచింది. ఇంట్లో తెలుగు, బజారులో రెండు భాషలు మాట్లాడే కుటుంబాలకు కన్నడ మాట పరాయిది కాదు. చదువు లేనివారికి ఏ లిపి అయినా ఒకటే. ఇబ్బందంతా తెలుగు మాత్రమే చదవడం వచ్చినవారిది.

అలాంటివారి సంఖ్య పెరగడానికి తుంగభద్ర ఆనకట్ట కారణమైంది. 1945లో శంకుస్థాపన జరిగి, 1953లో కాలువలకు నీరు వదలడంతో, వరి మాగాణి సేద్యం ఎరిగిన కోస్తా జిల్లాల రైతులు సిరుగుప్ప, కంప్లి, గంగావతి, సింధనూరు ప్రాంతాలకు తరలివచ్చి భూములు కొని, పొలాల మధ్యనే కాపురాలు పెట్టారు. ఆ నివాసాలనే క్యాంపులంటారు. భూమి కొన్న రైతుతో పాటు నాట్లకూ కోతలకూ వచ్చిన కూలీ కుటుంబాలు కూడా క్యాంపుల్లో ఉండిపోయాయి. క్యాంపు గ్రామఠాణలో భాగం కాదు; రెవెన్యూ పటం మీద అది ఎవరో ఒకరి పొలం. ఓటు ఉండి, రేషను కార్డు ఉండి, పిల్లలు బడికి పోతున్నా, తలదాచుకున్న ఇంటికి మాత్రం ఏ దస్తావేజూ లేని స్థితి ఈ కుటుంబాలకు తరాల తరబడి సాగింది. లంబాడీ తండాలదీ, గొల్లల నివాసాలైన గొల్లరహట్టులదీ ఇదే స్థితి. స్థలానికి హక్కు పత్రం లేనివారికి ఇంటి సాయం రాదు. సాయం ఎందుకు రాదని అడిగితే స్థలం మీది కాదనే జవాబు సిద్ధంగా ఉంటుంది.

కర్ణాటక ముఖ్యమంత్రి దేవరాజ అరసు ప్రభుత్వం 1974లో భూసంస్కరణల చట్టాన్ని సవరించినప్పుడు, ఇతరుల నేలలో ఇల్లు వేసుకుని ఉంటున్న వ్యవసాయ కూలీకి ఆ ఇంటి మీద యాజమాన్యం కల్పించే 38వ సెక్షను ఉపయోగంలోకి వచ్చింది. పేదలకు జనతా ఇళ్లు కట్టించే కార్యక్రమం సాగిందీ ఆ పాలనలోనే. కౌలుదారుల హక్కులను తేల్చడానికి ఏర్పడిన భూ న్యాయమండలి నిర్ణయం మీద మొదట్లో అప్పీలు లేదు. కాదన్నవారు హైకోర్టులో రిట్ వేసుకోవాలి. తీర్పులు త్వరగా రావాలన్న సదుద్దేశంతోనే అప్పీలును తొలగించినా, బళ్లారి కూలీకి బెంగళూరు హైకోర్టు ఎంత దూరమో ఆ శాసనం లెక్కలోకి తీసుకోలేదు. భూస్వామి వకీలును పెట్టుకొని అక్కడికి పోగలిగాడు.

1983 నాటి చట్టంతో మండల పంచాయతీలూ, 1993 నాటి పంచాయతీరాజ్ చట్టంతో గ్రామ పంచాయతీలూ వచ్చాక, ఇల్లు ఎవరికన్న నిర్ణయం అధికారి బల్ల మీద నుంచి గ్రామసభకు మారింది. 1991-92లో మొదలైన ఆశ్రయ పథకం, 1985 నుంచి నడిచిన కేంద్ర ప్రభుత్వ ఇందిరా ఆవాస్ యోజన, ఆ తరువాతి అంబేద్కర్, బసవ వసతి పథకాలు, వీటి అమలుకు 2000లో ఏర్పడిన రాజీవ్ గాంధీ గ్రామీణ వసతి నిగమం, అన్నీ లబ్ధిదారుల ఎంపికకు గ్రామసభనే ఆధారం చేసుకున్నాయి. ఊరంతా కూర్చుని ఎవరు అందరికన్నా పేదవారో తేల్చడం గొప్ప ఆదర్శం. అయితే అధికారి తిరస్కరిస్తే ఒక ఉత్తర్వు ఉంటుంది. గ్రామసభలో తిరస్కారమంటే జాబితా చదివినప్పుడు పేరు వినిపించకపోవడమే. పంచాయతీ ఉత్తర్వు మీద తాలూకా పంచాయతీ కార్యనిర్వహణాధికారికి అప్పీలు చేసుకునే వీలును చట్టం కల్పించింది. కానీ ఉత్తర్వే లేనప్పుడు దేని మీద అప్పీలు చేయాలి?

ఇందుకు కర్ణాటక కచేరీల్లో ఉన్న సాధనం హింబరహ. ఫలానా అర్జీని ఫలానా కారణంవల్ల పరిగణించలేదని అధికారి సంతకం, తేదీ వేసి ఇచ్చే చిన్న కాగితమే హింబరహ; ఆంధ్ర వైపు దానినే ఎండార్స్‌మెంటు అంటారు. చూడడానికి నాలుగు పంక్తులే అయినా వివాదానికి అదే పునాది, ఎందుకంటే గడువు లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది, హైకోర్టు రద్దు చేసేదీ దాన్నే. ఒక ఉత్తర్వు చెల్లుబాటును అందులో రాసిన కారణాలను బట్టే చూడాలి తప్ప తరువాత ప్రమాణపత్రంలో కొత్త కారణాలు చేర్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1977 డిసెంబరులో మొహిందర్ సింగ్ గిల్ కేసులో తీర్పు చెప్పింది. ఎన్నికల వివాదంలో వచ్చిన ఆ తీర్పు ఇల్లు అడిగే పేదకు ఎంతో విలువైనది. 1990లో శాంతిస్టార్ బిల్డర్స్ కేసులో, బతుకు హక్కులో తగిన నివాసం కూడా ఇమిడి ఉందని అదే న్యాయస్థానం పేర్కొంది. ఈ రెండు తీర్పుల్లో నోటిమాట తిరస్కారాన్ని ఎదుర్కొంటున్న కుటుంబానికి ఎక్కువ అక్కరకొచ్చేది మొదటిదేనని చెప్పాలి.

బ్రిటన్ అనుభవం ఇక్కడ పోల్చదగినది. అద్దె కట్టుకోలేనివారికి స్థానిక కౌన్సిళ్లు ఇచ్చే గృహ భృతి మీద వివాదం వస్తే, 2001 దాకా దాన్ని విన్న సమీక్షా మండళ్లలో సభ్యులు ఆ కౌన్సిలు ప్రతినిధులే. 2001 జూలైలో ఆ మండళ్లను తొలగించి స్వతంత్ర ట్రిబ్యునళ్లకు అప్పీళ్లను అప్పగించారు. పాత మండలి నిష్పక్షపాత న్యాయపీఠం కాదని 2006లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం కూడా తేల్చింది. ఆధునిక సంక్షేమ రాజ్యంలో సైతం, నిర్ణయించినవారూ పునర్విచారించేవారూ ఒకరే కాకూడదన్న సంగతి అంత ఆలస్యంగా స్థిరపడింది.

2016లో ఇందిరా ఆవాస్ స్థానంలో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకం 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన జాబితాను తీసుకుని గ్రామసభ చేత సరిచూయించింది. మైదాన ప్రాంతంలో ఇంటికి 1,20,000 రూపాయలు ఇచ్చే ఈ పథకంలో, పేరు అన్యాయంగా తొలగించారన్నవారి కోసం జిల్లా అధికారి, మరొక అధికారి, కనీసం ఒక అనధికార సభ్యుడు ఉండే అప్పీలు కమిటీకి మార్గదర్శకాలు చోటిచ్చాయి. మోటారు సైకిలు ఉంటే అనర్హులన్న నిబంధన 2024లో తొలగింది. ఈ వెసులుబాట్లన్నీ మంచివే. కానీ 2011లో గణకుడు తమ క్యాంపుకే రాలేదన్నవారి మొరకు తొలగింపు మీద అప్పీలు పరిష్కారం చూపలేదు. జాబితాలో ఎన్నడూ లేని పేరును తొలగించారనడం కుదరదు.

క్యాంపులవారి మూల సమస్యకు జవాబు 2016 నాటి భూసంస్కరణల సవరణలో దొరికింది. అది చేర్చిన 38ఎ సెక్షను తండా, గొల్లరహట్టి, వడ్డరహట్టి, కాలనీలతో పాటు క్యాంపును కూడా పేరుపెట్టి ప్రస్తావించి, రెవెన్యూ దాఖలాల్లో లేని నివాసాల్లో ఉంటున్నవారికి ఇంటి హక్కు కల్పించింది. 2025 మే 20న, 2021 దాకా బళ్లారి జిల్లాలోనే ఉన్న హోస్పేటలో జరిగిన సభలో అలాంటి నివాసాలవారికి 1,11,111 హక్కు పత్రాలు ఇస్తున్నట్లు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇప్పుడు పత్రం అందనివారు ఎందుకు అందలేదో రాతపూర్వకంగా అడగాలి. అడిగిన రోజున ముట్టినట్టు రసీదు తీసుకోవాలి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో తమ అర్జీ ఏమైందో తెలుసుకోవాలి.

భాష సంగతి రాజ్యాంగంలోనే ఉంది. బాధ నివారణ కోసం ఏ అధికారికైనా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం సమర్పించుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉందని 350వ అధికరణం చెబుతుంది. జవాబు కూడా ఆ భాషలోనే ఇవ్వాలని అది చెప్పలేదు. ఆ లోటును రాష్ట్ర ప్రభుత్వమే తీర్చాలి, సరిహద్దు తాలూకాల్లో హింబరహను రెండు భాషల్లో ఇవ్వడం అసాధ్యమైన పని కాదు. అంతవరకూ, బళ్లారిలోనో సిరుగుప్పలోనో ఇంటి కోసం తెలుగులో రాసిన అర్జీని భాష కారణంగా తిప్పిపంపే అధికారం ఏ కచేరీకీ లేదు.