మన మాట తీరు మన చెవికి అందుతుందా?

బ్రిటన్‌లోని ఒక పెద్ద విమానాశ్రయంలో ఉద్యోగుల కోసం నడిచే క్యాంటీన్ అది. అక్కడ కొత్తగా పనిలో చేరిన భారత, పాకిస్థానీ మహిళల మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. వాళ్లు ముక్తసరిగా మాట్లాడతారని, విసుగ్గా వడ్డిస్తారని సూపర్‌వైజర్లూ అన్నారు, అక్కడ భోజనం చేసే సరుకు రవాణా కార్మికులూ అన్నారు. ఆ మహిళలేమో తమను కావాలనే చిన్నచూపు చూస్తున్నారని బాధపడ్డారు. భాషాశాస్త్రవేత్త జాన్ గంపెర్జ్ అక్కడి సంభాషణలను రికార్డు చేసి పరిశీలించారు. ఆ వివరాలు 1982లో వెలువడిన ఆయన పుస్తకం ‘డిస్కోర్స్ స్ట్రాటజీస్’లో ఉన్నాయి.

తేలినది చాలా చిన్న విషయం. మాంసం తీసుకున్నవారిని గ్రేవీ కావాలా అని అడగాలి. అక్కడి బ్రిటిష్ వడ్డనవాళ్లు ‘గ్రేవీ’ అనే ఒక్క మాటనే చివర గొంతు పైకి లేపి అనేవారు. ఈ మహిళలు అదే మాటను చివర గొంతు దించి అనేవారు. ఇంగ్లిష్‌వాళ్ల చెవికి మొదటిది ప్రశ్న, రెండోది ప్రకటన. కళ్లెదుట కనిపిస్తున్న పదార్థం పేరు చెప్పి ఊరుకోవడం వాళ్లకు మర్యాద తక్కువగా తోచింది. రికార్డులు వినిపించినప్పుడు ఆ మహిళలకు రెండింటి మధ్య తేడా మొదట తెలియనే లేదు. ఇంగ్లిష్ టీచరు, సూపర్‌వైజరు విడమరిచి చెప్పాక, అంతకాలం తమకు అంతుపట్టని ముఖ కవళికలకు అర్థం దొరికింది. అదే సమయంలో సూపర్‌వైజర్లూ ఒకటి నేర్చుకున్నారు. గొంతు దించి అడగడం ఆ మహిళలకు మామూలుగా ప్రశ్న వేసే పద్ధతేనని, అందులో నిర్లక్ష్యమేమీ లేదని వాళ్లకు అర్థమైంది.

తన మాట తీరును తాను తెలుసుకోవడం, ఎదుటివారికి తగినట్టు దాన్ని మార్చుకోవడం గురించి శిక్షణ తరగతుల్లో ఎంతో చెబుతున్నారు. ఆ మాటల్లో ఎంతవరకు పరిశోధన బలం ఉందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆధారాలన్నిటినీ కలిపి చూస్తే నాకు కనిపిస్తున్న నిర్ధారణ ఇది: మాట తీరు గొంతు, విరామం, సంబోధన వంటి చిన్న గుర్తుల్లో ఉంటుంది, ఆ గుర్తులను తెలుసుకోవడానికి మనకు ఇంకొకరి చెవి కావాలి.

క్యాంటీన్ ఉదంతాన్ని కూడా జాగ్రత్తగానే తీసుకోవాలి. అది ఒకే ఒక్క పనిచోటు. తర్వాత ఆ మహిళల వైఖరిలో స్పష్టమైన మెరుగుదల కనిపించిందన్నది టీచరు, సూపర్‌వైజరు చెప్పిన మాట, విడిగా కొలిచిన ఫలితం కాదు. పైగా రాజేంద్ర సింగ్, జయంత్ లెలే, గీతా మార్టోహార్జోనో 1988లో ఈ తరహా విశ్లేషణల మీదే ఒక బలమైన అభ్యంతరం లేవనెత్తారు. ఇద్దరి మధ్య బలాబలాల తేడా ఉన్నచోట అపార్థాన్ని మాట తీరుకే ముడిపెడితే వివక్ష మరుగున పడుతుందని వారి వాదన. రెండు వివరణలూ ఒకే చోట నిజం కావచ్చు. ఒకదాన్ని ఒప్పుకున్నంత మాత్రాన రెండోదాన్ని కొట్టిపారేయనక్కరలేదు.

నాలుగు రకాల మనుషులు

శిక్షణ తరగతుల్లో ఎక్కువగా వినిపించేది మనుషులను నాలుగు రకాలుగా విడదీసే పద్ధతి. డిస్క్ పేరుతో ప్రచారంలో ఉన్న వర్గీకరణకు మూలం అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మౌల్టన్ మార్స్‌టన్ 1928లో రాసిన పుస్తకం. పరీక్షా పత్రాలను తర్వాతి కాలంలో ఇతరులు తయారు చేశారు. ఫలితం చేతికి రాగానే చాలామంది ‘అచ్చం నా గురించే రాశారు’ అనుకుంటారు. ఆ అనుభూతిని రుజువుగా తీసుకోవచ్చా?

1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారికి విడిగా ఇస్తున్నట్టు చెప్పి, అందరికీ ఒకే వివరణ పంచారు. ఆ వివరణ తమకు ఎంత సరిపోయిందో సున్నా నుంచి ఐదు వరకు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. ప్రతి వ్యక్తిత్వ పరీక్షా వట్టిదేనని దీనివల్ల తేలలేదు. ‘ఇది నేనే’ అనిపించడం మాత్రం ఆ పరీక్ష విలువకు సాక్ష్యం కాదని తేలింది.

మరి మనల్ని మనం ఎంతవరకు చూడగలం? సిమిన్ వజీర్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక మనిషి గురించి అతడి సొంత అంచనాను, స్నేహితుల అంచనాను, అపరిచితుల అంచనాను అతడి ప్రవర్తనతోనూ పరీక్షల ఫలితాలతోనూ పోల్చారు. లోపలి ఆందోళన వంటి వాటి విషయంలో సొంత అంచనా మేలుగా ఉంది. తెలివితేటలు, సృజన వంటి మంచిచెడ్డల తీర్పు ముడిపడిన గుణాల విషయంలో స్నేహితుల అంచనా మేలుగా ఉంది. ఇది వ్యక్తిత్వం మీద జరిగిన పని కాబట్టి మాట తీరుకు యథాతథంగా వర్తింపజేయలేం. అయినా, ‘నేను మర్యాదగానే మాట్లాడతాను’ అనేది కూడా మంచిచెడ్డల తీర్పే కనుక అక్కడ సొంత సాక్ష్యం ఒక్కటే చాలదని అనుకోవడానికి కారణం ఉంది.

విరామాల్లో దాగిన తేడా

మాట తీరులో చూడవలసిన చోట్లలో ముఖ్యమైనది ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ మధ్య ఉండే ఖాళీ. 1978లో కాలిఫోర్నియాలో ఆరుగురు కలిసి చేసిన ఒక పండుగ భోజనంలో సంభాషణను డెబొరా టానెన్ రికార్డు చేసి, 1984లో పుస్తకంగా విశ్లేషించారు. న్యూయార్క్‌లో పెరిగిన ముగ్గురు త్వరత్వరగా, ఒకరి మాట మీద మరొకరు మాట్లాడుతూ సాగారు. వారికది ఉత్సాహం, ఆత్మీయత. మిగిలినవారికి తమ మాటకు చోటు దొరకనట్టు అనిపించింది. ఎవరూ ఎవరినీ అణచాలని అనుకోలేదు. ఒకే భోజనం మీద, అందులో తానూ పాల్గొన్న పరిశోధకురాలు చేసిన పని ఇది. కాబట్టి దీన్ని ప్రాంతాల గురించిన సూత్రంగా కాకుండా, అపార్థం పుట్టే తీరుకు ఒక దగ్గరి చిత్రంగా చూడడం మంచిది.

తాన్యా స్టివర్స్, సహచరులు 2009లో ప్రచురించిన అధ్యయనం పరిధి ఇంతకన్నా పెద్దది. పది భాషల్లో అవుననో కాదనో బదులు రావలసిన ప్రశ్నలకు జవాబు ఎంతసేపట్లో వస్తుందో వీడియోల ఆధారంగా కొలిచారు. మొత్తం మీద సగటు ఖాళీ సెకనులో ఐదో వంతు. సగటున జపనీయులు 7 మిల్లీసెకన్లలో, డేనిష్‌వాళ్లు 469 మిల్లీసెకన్లలో బదులిచ్చారు. అన్ని భాషలవాళ్లూ ఖాళీని తగ్గించుకోవాలనే చూస్తారు, భాషల మధ్య తేడా అర సెకను లోపే. కానీ అంత చిన్న తేడానే మనుషులు ‘ఆలస్యం’గానో ‘తొందర’గానో వింటారు. ఆ పదింటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు, అందుచేత ఈ అంకెలను తెలుగుకు అంటగట్టకూడదు.

ఫోన్, వీడియో కాల్స్ మీద పని చేసేవారికి సంబంధించిన ఫలితం ఇంకొకటి ఉంది. 2014లో జర్మనీ పరిశోధకులు ఫోన్ లైనులో కావాలని జాప్యం కల్పించి ఇద్దరేసి చేత మాట్లాడించారు. జాప్యం పెరిగేకొద్దీ ఎదుటి మనిషికి శ్రద్ధ తగ్గినట్టు మాట్లాడుతున్నవారికి తోచింది. లోపం తీగది, నింద మనిషిది. హైదరాబాద్ నుంచి అమెరికా బృందాలతో రోజూ మాట్లాడే వేలాదిమంది ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నా మేలే.

అర్థమైందన్న భ్రమ

మన మాట ఎదుటివారికి చేరిందని నమ్మడంలోనూ మనం పొరబడతాం. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం 2005లో కొందరిచేత కొన్ని వాక్యాలు నిజంగానూ కొన్ని వ్యంగ్యంగానూ చెప్పించింది. తమ భావాన్ని ఎదుటివారు 78 శాతం సార్లు పట్టుకుంటారని చెప్పినవారు అంచనా వేశారు. నోటితో చెప్పినప్పుడు 73 శాతం పట్టుకున్నారు. ఈమెయిల్‌లో అది 56 శాతానికి పడిపోయింది, అంటే గుడ్డిగా ఊహిస్తే వచ్చే 50కి దగ్గర. గొంతు పోయినా రాసినవారి నమ్మకం తగ్గలేదన్నదే ఇక్కడ గమనించవలసింది. ఇప్పటి వాట్సాప్ సందేశాల్లో బొమ్మ గుర్తులు, వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి కనుక ఆ శాతాలు ఈనాటికీ అవేనని అనలేం.

దగ్గరివారితో ఈ భ్రమ ఇంకా పెరగవచ్చు. కెనెత్ సావిట్‌స్కీ బృందం 2011లో భార్యాభర్తల మీద చేసిన ప్రయోగంలో, రెండర్థాలున్న వాక్యాలను జీవిత భాగస్వామి అపరిచితుల కన్నా బాగా పట్టుకుంటారని చెప్పినవారు నమ్మారు. ఫలితం ఆ నమ్మకాన్ని బలపరచలేదు.

సర్దుబాటుకు హద్దు

హోవర్డ్ జైల్స్ 1970ల తొలినాళ్లలో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, మనం ఎదుటివారి యాసకూ వేగానికీ పదాలకూ తెలియకుండానే దగ్గరవుతాం, లేదా కావాలని దూరమవుతాం. ఆయన రిచర్డ్ బూరిస్‌తో కలిసి 1977లో వేల్స్‌లో చేసిన ప్రయోగం ప్రసిద్ధం. వెల్ష్ నేర్చుకుంటున్న పెద్దలతో ఒక ఇంగ్లిష్ గొంతు, చచ్చిపోతున్న భాష ఎందుకన్న ధోరణిలో మాట్లాడింది. జవాబిచ్చేటప్పుడు వాళ్ల ఇంగ్లిష్‌లో వెల్ష్ యాస మరింత గట్టిపడింది. అంటే దగ్గరకాకపోవడం అన్నిసార్లూ చేతకానితనం కాదు, కొన్నిసార్లు ఆత్మగౌరవం. మారలేదని ఎవరినైనా తప్పుపట్టే ముందు ఈ సంగతి ఆలోచించాలి.

అతిగా సర్దుకోవడమూ హాని చేస్తుంది. పసిపిల్లలతో మాట్లాడినట్టు వృద్ధులతో ముద్దుగా, సాగదీసి మాట్లాడడం చాలామంది ప్రేమతోనే చేస్తారు. క్రిస్టీన్ విలియమ్స్ బృందం అమెరికా నర్సింగ్ హోమ్‌లలో మతిమరుపు వ్యాధి ఉన్న 20 మందికి జరిగే సేవలను వీడియో తీసి, ఆ విశ్లేషణను 2009లో ప్రచురించింది. అలాంటి మాటల తర్వాత వారు సేవను ప్రతిఘటించే సంభావ్యత 0.55, మామూలుగా మాట్లాడితే 0.26. ఇది తక్కువమందితో చేసిన అధ్యయనమే. అయినా ఎదుటి మనిషిని చూడకుండా ‘ముసలివాళ్లు’ అనే ముద్రను చూసి మార్చుకున్న తీరు ఎలా బెడిసికొడుతుందో అది చూపుతోంది. నాలుగు రకాల్లో ఎవరు ఏ రకమో తేల్చుకుని ఆ రకానికి తగ్గట్టు మాట్లాడమనే సలహాలోనూ ఇదే ప్రమాదం ఉందని నా అభిప్రాయం.

మరి ఎదుటివారి స్థానంలో నిలబడి ఆలోచిస్తే సరిపోతుందా? తాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో 25 ప్రయోగాల ఫలితాలను ప్రచురించారు. ఎదుటివారి దృష్టితో ఊహించుకోమని చెప్పడం వల్ల వారి మనసును చదివే కచ్చితత్వం పెరిగినట్టు నిలకడగా కనిపించలేదు. నేరుగా అడిగి తెలుసుకున్నప్పుడు మాత్రం పెరిగింది. ఊహించుకోవడం వల్ల దయ పెరగడం వంటి వేరే మేళ్లు ఉండవచ్చు, అవి ఇక్కడి ప్రశ్న కాదు.

తెలుగు మాటలో

తెలుగులో ఈ విషయం ఇంకా సున్నితమైనది. వాడు, అతను, ఆయన, వారు అనే మెట్లలో ఒకదాన్ని ఎంచుకోకుండా మరో మగమనిషి గురించి మాట్లాడడం కష్టం. నువ్వు, మీరు మధ్య ఎంపిక లేకుండా ఎదుటివారితో మాట మొదలుకాదు. ఈ ఎంపికలు అన్ని చోట్లా ఒకేలా లేవు. గోదావరి జిల్లాల మాటలో అడుగడుగునా ‘అండి’ వినిపిస్తుంది. తెలంగాణ పల్లెల్లో పెద్దవారిని ‘నువ్వు’ అనడంలో అగౌరవం లేని సందర్భాలు ఎన్నో. ఒక చోటి చనువు ఇంకో చోట పొగరుగా, ఒక చోటి మర్యాద ఇంకో చోట ఎడంగా వినిపించే అవకాశం ఉంది.

దీన్ని ఊహగా వదిలేయకుండా పరీక్షించవచ్చు. బ్యాంకు కౌంటరు, ఆసుపత్రి ఓపీ, మండల కార్యాలయం వంటి చోట్ల అందరి అనుమతితో సంభాషణలు రికార్డు చేసి, ఆ ముక్కలను వేరే ప్రాంతంవారికి వినిపించి, మాట్లాడిన మనిషి గురించి ఏమనిపించిందో అడగాలి. మాట్లాడినవారినీ తమ ఉద్దేశం ఏమిటో అడగాలి. రెండు జవాబులు ఎక్కడ విడిపోతున్నాయో అక్కడే పని మొదలవుతుంది. మన విశ్వవిద్యాలయాల భాషాశాస్త్ర విభాగాలకు ఇది అసాధ్యమైన పని కాదు, అవసరమైన పని.

ఇప్పటికి అనగలిగింది

ఉన్న ఆధారాలు మూడు అలవాట్లను సమర్థిస్తున్నాయి. ‘నేను ముక్కుసూటి మనిషిని’ అనుకోవడం కన్నా, ఎక్కడ ఆగుతున్నాను, ఎవరి మాట మధ్యలో అందుకుంటున్నాను, ఎలా పిలుస్తున్నాను అని గమనించడం మొదటిది. సొంత మాటను రికార్డు చేసి, మన ఊరివారు కాని ఒకరితో కలిసి వినడం రెండోది. సందేహం కలిగినచోట ఎదుటివారిని అడగడం మూడోది. వీటివల్ల ఎంత మేలు జరుగుతుందో అంకెల్లో చెప్పడానికి ఈ అధ్యయనాలు చాలవు, ఏ దిశలో నడవాలో చెప్పడానికి చాలు.

మూడో అలవాటుకు ఒక షరతు ఉంది. అడిగినప్పుడు నిజం చెప్పినందుకు నష్టం జరగదన్న నమ్మకం ఎదుటివారికి ఉండాలి. కింది ఉద్యోగి పై అధికారిని, రోగి డాక్టరును, విద్యార్థి టీచరును ‘మీ మాట నాకిలా వినిపించింది’ అని తనంతట తాను అనలేని వ్యవస్థలు మనవి. కాబట్టి మొదట అడగవలసిన బాధ్యత, మొదట మారవలసిన బాధ్యత పైస్థానంలో ఉన్నవారిదే. మాట తీరు మీద శిక్షణ ఇచ్చే ఏ సంస్థ అయినా దాన్ని కౌంటరు దగ్గర నిలబడే ఉద్యోగితో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తే సగం పనే చేసినట్టు.